బోరీబందరును ముందు చూసినవాడు

2013 నవంబరులో ఒక సాయంత్రం, లండన్‌లో కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్ మెట్లెక్కి యూస్టన్ రోడ్డు మీదికి వచ్చి తలెత్తి చూసినప్పుడు, సన్నని తుంపరలో తడుస్తూ ఎర్రటి ఇటుకల భవనం ఒకటి కనిపించింది. దాని సూది బురుజులు, వంపు తిరిగిన గోడ, ఒక కొసన గడియారపు గోపురం, రెండు రంగుల రాళ్ళు మార్చి మార్చి పేర్చిన కోసుగా ఉన్న కమానులు చూసి నా నోటి నుంచి అప్రయత్నంగా వచ్చిన మాట "వీటీ!" పక్కనే ఉన్న మా అమ్మాయి నవ్వింది. "నాన్నా, ఇది సెయింట్ పాన్‌క్రాస్. వీటీ కంటే పెద్దది, వయసులో కూడా. మన వీటీయే దీన్ని చూసి కట్టింది" అంది. తేదీల ప్రకారం ఆమె మాటకు తిరుగులేదు. ఇక్కడి రైలు షెడ్డు 1868లో తెరుచుకుంది, దాని ముందున్న హోటలు 1873లో తలుపులు తెరిచి, 1876 నాటికి పూర్తయింది. బొంబాయిలో వీటీకి, అంటే విక్టోరియా టెర్మినస్ రైలు స్టేషనుకు, పని మొదలైనదే 1878లో. అయినా నా కళ్ళు ఆ లెక్కను ఒప్పుకోలేదు. యాభై అయిదేళ్ళు దాటిన మనిషికి పుట్టిన ఊళ్ళో చూసిందే మొదటిది, తక్కినవన్నీ దాని పోలికలే. ఆ సాయంత్రం నేను చూసింది వీటీకి ఎక్కడో తప్పిపోయిన అన్నగారిని.

నేను పుట్టింది బొంబాయిలోని కామాఠీపురాలో. ఆ పేరు చెప్పగానే ఇప్పటికీ ఎదుటివారి ముఖంలో ఒక చిన్న తత్తరపాటు కనిపిస్తుంది, ఎందుకో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయితే ఆ పేటకు పేరు తెచ్చిన కామాఠీలు నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళు. పునాదులు తవ్వడం, రాయి మోయడం, సున్నం కలపడం, గోడ కట్టడం వాళ్ళ పని. సముద్రాన్ని పూడ్చి ఏడు దీవులను ఒక్క నగరంగా చేసిన కాలం నుంచీ బొంబాయిలో కట్టడం అనే మాటకు వెనక వాళ్ళ చేతులున్నాయి. మా తాత పాలమూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి పదిహేనేళ్ళ వయసులో ఆ దారినే వచ్చాడు. మొదట తట్ట మోశాడు, తరువాత తాపీ పట్టాడు, నాకు ఊహ తెలిసే నాటికి కోట ప్రాంతంలోని పాత భవనాలకు మరమ్మతులు చేసే మేస్త్రి. గోడలో రాయి పుచ్చిపోతే దాన్ని తొలిచి తీసి, అదే కొలతకు కొత్త రాయి చెక్కి అతికించడంలో అతనికి మంచి పేరుండేది.

మా ఇంట్లో వీటీ అనే మాట లేదు. తాతకు అది చివరిదాకా బోరీబందరే. 1853 ఏప్రిల్ 16న ఠాణాకు మొదటి రైలు బయలుదేరిన చిన్న స్టేషన్ పేరు అది, తరువాత వచ్చిన పెద్ద భవనాన్నీ పాత మనుషులు ఆ పేరుతోనే పిలిచారు. అది 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయింది, 2017లో ఆ పేరులో మహారాజ్ కూడా చేరింది. నగరంలో ట్యాక్సీ ఎక్కి వీటీ అంటే ఇప్పటికీ అక్కడికే తీసుకువెళతారు, కానీ బోరీబందరు అంటే మాత్రం ఈ తరం డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తాడు.

ఆదివారాలు తాత నన్ను వెంటబెట్టుకుని బోరీబందరుకు వెళ్ళేవాడు. మా పల్లె నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి కొత్తగా పనికి వచ్చేవాళ్ళు సికింద్రాబాదు, వాడి, షోలాపూరు మీదుగా వచ్చే రైలు దిగి అక్కడ నిలబడి ఉండేవాళ్ళు. వాళ్ళను కూడగట్టి పేటకు తీసుకురావడం తాత తనకు తానే వేసుకున్న బాధ్యత. ఊరి నుంచి ఎవరు ఉత్తరం రాసినా వాళ్ళకు చెప్పించే మాట ఒకటే: "దిగినంక యాడికీ పోవద్దు, బయటికొచ్చి పెద్ద గడియారం కింద నిలబడాలె." భుజాన గోనెసంచీ, చేతిలో సద్దిమూట, కళ్ళలో బెదురుతో వాళ్ళు ఆ గుమ్మటం కింద, ఆ గడియారం కింద ఒకరినొకరు ఆనుకుని నిలబడిన దృశ్యం నాకు ఇంకా కనిపిస్తుంది. రైలు ఆలస్యమైతే మాకు గంట, రెండు గంటల సమయం దొరికేది. ఆ సమయమే నా మొదటి పాఠశాల.

తాతకు చదువు రాదు. రాయి మాత్రం చదివేవాడు. పసుపు పచ్చగా ఎండలో బెల్లపు రంగుకు తిరిగే రాయిని చూపించి ఇది గట్టిది, గోడకు పనికొస్తుంది అనేవాడు. పువ్వులు, ఆకులు, నెమళ్ళు చెక్కిన తెల్లటి రాయిని చూపించి, "ఇది పోరుబందరు రాయి. మెత్తది. ఉలి చెప్పిన మాట వింటది. కానీ గాలి చెప్పిన మాట గూడ వింటది" అనేవాడు. అర్థం అయ్యేది కాదు. అలాంటి రాతిలో చెక్కిన పనితనం సముద్రపు ఉప్పుగాలికి, పొగకు ఎలా గరుకుబారి రాలిపోతుందో, ఒక ఉడుత ముఖం ముప్పై ఏళ్ళలో ఎలా చెరిగిపోతుందో తరువాత ఒక వాస్తుశిల్పుల కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, అలాంటి గోడల మరమ్మతు నక్షలు గీయవలసి వచ్చినప్పుడు తెలిసింది.

గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, మరొకవైపు పులి కూర్చుని ఉంటాయి. "సింహం దొరలది, పులి మనది" అని తాత చెబితే, అయితే ఏది గెలుస్తుంది అని అడిగాను. "రెండూ రాళ్ళే బిడ్డా, కూసునుడే వాటి పని" అన్నాడు. గుమ్మటం కొన మీద కుడిచేత దివిటీ ఎత్తి, ఎడమచేత చక్రం పట్టుకున్న స్త్రీ విగ్రహం ఉంది. దాని పేరు ప్రగతి అని పుస్తకాలు చెబుతాయి. మా పేటలో చాలామంది ఆమె విక్టోరియా రాణి అనుకునేవాళ్ళు. తాత మాత్రం దీపం పట్టిన అమ్మ అనేవాడు, దాటిపోయేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి నుదుటికి ఆనించేవాడు కూడా.

వానాకాలంలో ఆ భవనాన్ని చూడాలి. గోడల నుంచి బయటికి పొడుచుకు వచ్చిన జంతువుల తలలు ఎండాకాలమంతా ఊరికే నోరు తెరుచుకుని ఉంటాయి. ఆషాఢంలో కుండపోత మొదలైనప్పుడు వాటి నోళ్ళ నుంచి నీళ్ళు ధారగా పడతాయి. అవి అలంకారం అనుకున్న నాకు తూములని అప్పుడు తెలిసింది. అలాంటి తూములు యూరోపులోని చర్చీలకూ ఉన్నాయి, కానీ నాలుగు నెలలు ఆగకుండా కురిసే వానకు పని చేయవలసిన అవసరం వాటికి లేదు.

టికెట్లిచ్చే హాలు సంగతి వేరుగా చెప్పాలి. లోపల నునుపు పెట్టిన పాలరాతి స్తంభాలు, వాటి మీద కమానులు, పైకప్పు మీద చుక్కలు. ఆ హాలును ఇంగ్లీషువాళ్ళు నక్షత్రాల గది అనేవాళ్ళు. తాత ప్రతిసారీ అక్కడ ఆగేవాడు. ఎదురుగా జనం తోసుకుంటూ పోతున్నా నడిమధ్యలో నిలబడి తల వెనక్కి వాల్చి కప్పును చూసేవాడు. తల అంతగా వాల్చితే తలపాగా జారుతుంది కాబట్టి ఒక చెయ్యి వెనక నుంచి దాన్ని పట్టుకుని ఉండేది. వెనక ఎవరైనా విసుక్కుంటే కదిలేవాడు. ఒకసారి నేను, ఎన్నిసార్లు చూస్తావు తాతా అన్నాను. "కట్టినోడు ఎట్ల నిలబడ్డడో చూస్తున్న" అన్నాడు. అతను చుక్కలను చూడడం లేదు, ఆ ఎత్తులో చుక్కలు దిద్దిన మనిషి కాళ్ళు దేని మీద ఆనాయో, పరంజా ఎక్కడి నుంచి లేచిందో లెక్క వేసుకుంటున్నాడు.

ఆ భవనం చరిత్ర ఉద్యోగంలో చేరాక తెలుసుకున్నాను. రూపశిల్పి ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ ప్రజాపనుల శాఖలో ఇంజనీరుగా బొంబాయికి వచ్చినవాడు. పని అప్పగించాక అతను పది నెలలపాటు యూరోపులో తిరిగి స్టేషన్లు చూసి వచ్చాడు. సుమారు పదేళ్ళు పట్టి, పదహారు లక్షల రూపాయలకు పైగా ఖర్చుతో ముగిసిన ఆ కట్టడానికి 1887లో రాణి పాలన స్వర్ణోత్సవం పేరున ఆమె పేరు పెట్టారు. లోపలా బయటా ఉన్న ఆకులు, పక్షులు, కోతులు, ఇనుప కటకటాల అల్లిక, వీటిలో ఎక్కువ భాగం బొంబాయి ఆర్ట్ స్కూలు విద్యార్థుల పని. స్టీవెన్స్ తన జీవితమంతా ఆ నగరానికే ఇచ్చి 1900లో మలేరియాతో అక్కడే పోయాడు, శివడీ శ్మశానంలో ఉన్నాడు. వీటీకి ఎదురుగా ఉన్న నగరపాలక సంస్థ భవనం కూడా అతనిదే. ఒకే మనిషి గీసిన రెండు భవనాలు రోడ్డుకు అటూ ఇటూ నిలబడి ఒకదాన్నొకటి చూసుకునే చోటు ఇంకెక్కడ ఉందో నాకు తెలియదు.

లండన్‌కు తిరిగి వస్తాను. మరునాడు పొద్దున ఒక్కడినే మళ్ళీ వెళ్ళి, ఈసారి ఉద్యోగం నేర్పిన కళ్ళతో చూశాను. అప్పుడు మొదటి పోలిక కొద్దిగా సడలింది. సెయింట్ పాన్‌క్రాస్ అసలు ఒక భవనం కాదు, రెండు. వెనక ఉన్నది విలియం హెన్రీ బార్లో అనే ఇంజనీరు కట్టిన షెడ్డు. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా 240 అడుగుల వెడల్పును ఒకే ఇనుప కమాను దాటేస్తుంది, పొడవు 689 అడుగులు, ఎత్తు సుమారు నూరు. ఆ రోజుల్లో ప్రపంచంలో అంత వెడల్పయిన ఒంటి కమాను కప్పు మరొకటి లేదు. ముందున్నది మిడ్‌లాండ్ గ్రాండ్ హోటలు, జార్జ్ గిల్బర్ట్ స్కాట్ గీసింది. ఇంజనీరు ఒకడు, శిల్పి మరొకడు. ఇనుము తన మానాన తాను ఎగిరిపోతే, ఇటుక దాని ముందు తెరలా నిలబడింది. వీటీలో అలా కాదు. అక్కడ గొప్పతనమంతా ముందు భాగానిదే, అది హోటలు కాదు, రైలు కంపెనీ కార్యాలయం. గుమ్మటం దాటి ప్లాట్‌ఫాముల మీదికి వెళితే కప్పు మామూలుది. ఊపిరి బిగబట్టి చూడవలసిందేమీ లేదు, చూద్దామన్నా లోకల్ దిగిన జనం చూడనివ్వరు.

ఆ షెడ్డు గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. ఉత్తరం నుంచి వచ్చే రైలు దారి రీజెంట్స్ కాలువను వంతెన మీదుగా దాటాలి కాబట్టి పట్టాలు నేల కంటే ఎత్తులో ఉండిపోయాయి. వాటి కింద ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని బర్టన్ అనే ఊరి నుంచి రైళ్ళలో వచ్చే బీరు పీపాలను నిలవ చేయడానికి వాడుకున్నారు, అందుకని కింద నిలబెట్టిన ఇనుప స్తంభాల మధ్య దూరాన్ని పీపాల కొలతను బట్టి నిర్ణయించారు. పైన అంత ఠీవి, దాని పాదాల దగ్గర పీపా లెక్క! ఇప్పుడు ఆ స్తంభాల మధ్య దుకాణాలున్నాయి, ప్యారిస్ రైలు ఎక్కేవాళ్ళు అక్కడే వరుసలో నిలబడతారు. ఇది విని ఉంటే తాత ఎంతో సంతోషించేవాడు. గోడ మందం ఎంతుండాలో దొర కాదు, దాని మీద మోపే బరువు చెబుతుందని అతను అంటూ ఉండేవాడు.

రెండు ఊళ్ళనూ కలిపే అసలు దారం మాత్రం వీటీ దగ్గర లేదు, అక్కడికి నడక దూరంలో ఉన్న బొంబాయి విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఆ స్నాతకోత్సవ మందిరం, గ్రంథాలయం, 280 అడుగుల రాజాబాయి గడియార గోపురం, వీటి నక్షలు గీసినది ఆ హోటలు గీసిన స్కాటే. అతను ఒక్కసారి కూడా భారతదేశానికి రాలేదు. లండన్‌లో బల్ల మీద గీసిన కాగితాలు ఓడలో బొంబాయి చేరాయి, గోపురానికి డబ్బు పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఇచ్చాడు, తన తల్లి పేరు పెట్టమన్నాడు. ఇక 1878వ సంవత్సరాన్ని చూడండి. మార్చిలో స్కాట్ చనిపోయాడు. నవంబరులో రాజాబాయి గోపురం పూర్తయింది. వీటీకి పని మొదలైనది కూడా ఆ ఏడాదే. ముప్పై ఏళ్ళు ఇతరుల ఆలోచనలకు గీతలు గీసి బతికినవాడిని కాబట్టి, నక్షకూ గోడకూ మధ్య ఎంత దూరం ఉంటుందో నాకు తెలుసు. నక్షలో గీత గీతే. అది ఒక రాయిగా మారేటప్పుడు ఎవరో ఒక చెయ్యి తన అలవాటును దానిలో కలుపుతుంది. స్కాట్ గోపురం మీద కూడా అదే జరిగింది. పడమటి భారతదేశపు రకరకాల కులాల, తెగల మనుషుల బొమ్మలను, ఎవరి తలపాగా వారికి పెట్టి, అక్కడే చెక్కి నిలబెట్టారు. తాత ఒకసారి మైదానం వైపు నుంచి వాటిని చాలాసేపు చూసి, "ఇందుల మన రుమాలు ఏది?" అని అడిగాడు. అంత ఎత్తున నాకు ఏ తలపాగా ఎవరిదో పోల్చుకోవడం రాలేదు. ఇప్పుడు దుర్భిణి పెట్టి చూడవచ్చు, ఎందుకో ఎప్పుడూ చూడలేదు.

పోలికలు వెతకడం సులువు. కోసు కమానులు, రంగురాళ్ళ చారలు రెండింటికీ వెనిస్ నుంచి వచ్చినవే, ఆ కాలపు ఇంగ్లీషు శిల్పులందరికీ వెనిస్ పిచ్చి పట్టి ఉండేది. అంటే వీటీ సెయింట్ పాన్‌క్రాస్‌కు కూతురు కాదు, ఇద్దరూ ఒకే అమ్మమ్మ నగలు పెట్టుకున్నారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి తేడాలు. లండన్ భవనం ఆకాశంలోకి ఎత్తిన వాటిలో పొగగొట్టాలు ఎన్నో ఉన్నాయి, ఎందుకంటే ప్రతి గదిలోనూ చలిమంట కావాలి. బొంబాయిలో ఆ అవసరం లేదు. ఇక్కడ గోడకు ముందు మరొక గోడలా కమానుల వరండాలు నడుస్తాయి, ఎండ మొదట వాటి మీద పడి అక్కడే అలసిపోతుంది, లోపలి గదికి నీడ మాత్రమే చేరుతుంది. లండన్ కిటికీ వెలుతురు కోసం చెయ్యి చాస్తుంది, బొంబాయి కిటికీ వెలుతురుకు అడ్డం పెడుతుంది. ఒకే పుస్తకం చదివిన ఇద్దరు పిల్లలను రెండు వాతావరణాలు పెంచిన తీరు ఇది. ఆ హోటలు గురించి ఇంకొక మాట. దానిలో చలిమంటలున్నాయి కానీ అంత పెద్ద భవనంలో స్నానాల గదులు చాలా కొద్ది. కాలం మారి అతిథులు గదికొక స్నానాల గది అడిగినప్పుడు, ఆ మందపాటి గచ్చుల్లో గొట్టాలు దూర్చడం కుదరక 1935లో మూతపడింది.

1960లలో దాన్ని పడగొట్టే మాట కూడా వచ్చింది. కవి జాన్ బెట్‌జమన్ వంటి వాళ్ళు గట్టిగా అడ్డుపడిన మీదట 1967లో మొదటి శ్రేణి రక్షిత కట్టడంగా ప్రకటించారు. ఆ తరువాత కూడా చాలాకాలం అది రైల్వే కార్యాలయంగా, ఆపైన ఖాళీగా పావురాలకు నెలవై ఉండిపోయింది. షెడ్డులోని పెద్ద గడియారాన్ని 1970లలో ఒక అమెరికన్‌కు అమ్మితే, దించుతుండగా జారిపడి ముక్కలైంది. ఆ ముక్కలను ఒక రైల్వే గార్డు కొద్ది డబ్బుకు కొని, ఊరికి తీసుకుపోయి తన కొట్టం గోడకు అతికించుకున్నాడు. 2007 నవంబరులో ఐరోపా రైళ్ళు ఇక్కడికి మారినప్పుడు దాని స్థానంలో అలాంటిదే కొత్తది పెట్టారు, హోటలు 2011లో తిరిగి తెరుచుకుంది. వీటీకి అలాంటి గండం రాలేదు. రోజూ లక్షల మంది తొక్కుతూ ఉంటే ఏ భవనమూ ఖాళీగా పడి ఉండదు కదా. 2004లో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినప్పుడు మాత్రం నాకు తాత గుర్తొచ్చాడు. ఆయన 1971లో పోయాడు. ఆయన అతికించిన రాళ్ళు కోటలో ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పగలిగినవాడు ఆయనే.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు, మా అమ్మాయి ఎవరినో అడిగి హోటలు లోపలి పెద్ద మెట్లదారి చూడడానికి ఏర్పాటు చేసింది. రెండు పాయలుగా చీలి పైకి తేలిపోయే ఆ మెట్లు, ఇనుప కటకటాలు, ఎర్రటి గోడలు చూసుకుంటూ వెళ్ళి, చివర తలెత్తితే పైకప్పు మీద చుక్కలు కనిపించాయి. బంగారు చుక్కలు. నా మెడ తనంత తానే వెనక్కి వాలింది. పరంజా ఎక్కడి నుంచి లేచి ఉంటుందా అని చూస్తున్నానని కాసేపటికి గానీ తెలియలేదు.

అక్కడి నుంచి కిందికి వచ్చి రైళ్ళ హాలులో నడుస్తుంటే కొంచెం బొద్దుగా ఉన్న ఒక మనిషి కంచు విగ్రహం ఎదురైంది. కోటు గాలికి వెనక్కి ఎగురుతోంది, తల పూర్తిగా వెనక్కి వాల్చి బార్లో కప్పును చూస్తున్నాడు, టోపీ జారిపోకుండా ఒక చెయ్యి దాన్ని పట్టుకుని ఉంది. ఆయనే బెట్‌జమన్ అని అమ్మాయి చెప్పింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. ప్యారిస్ రైలుకు వేళ అయినట్టుంది, పెట్టెలు లాక్కుంటూ జనం మా ఇద్దరినీ తప్పించుకుని పోతున్నారు. "నాన్నా, దారిలో నిలబడ్డావు" అని మా అమ్మాయి మోచెయ్యి పట్టి పక్కకు లాగింది.